వెండి కలిపిన నానోఫైబర్ పొరతో మాస్క్ చేయొచ్చా? పేటెంట్ ముందా, టెస్టులు ముందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఎంటెక్ ప్రాజెక్టులో పీవీడీఎఫ్ పాలిమర్‌ని డీఎంఎఫ్ ద్రావకంలో కరిగించి, అందులో వెండి నానో రేణువులు, వేపాకు సారం కలిపి ఎలక్ట్రోస్పిన్నింగ్ (హైవోల్టేజితో ద్రావణాన్ని అతి సన్నటి దారాలుగా లాగే పద్ధతి) మీద పలుచని పొర తీశారు. మైక్రోబయాలజీ ల్యాబ్‌లో 99.9 శాతం బ్యాక్టీరియా చచ్చిందని రిపోర్టు వచ్చింది. దీన్ని ఎన్95 తరహా మాస్క్‌గా, తర్వాత పీపీఈ సూట్లకు, వెంటిలేటర్ ఫిల్టర్లకు వాడొచ్చా? పేటెంట్ ముందా, టెస్టులు ముందా? సొంత కంపెనీ పెట్టాలా, ఎవరికైనా ఇచ్చేయాలా?

సూటిగా చెప్తాను. మీ చేతిలో ఉన్నది మంచి పొర అయ్యుండొచ్చు, మాస్క్ మాత్రం ఇంకా కాదు. వెండినీ వేపనీ కొన్నాళ్ళు పక్కన పెట్టండి. ఏమీ కలపని ఉత్త నానోఫైబర్ పొర సన్నటి రేణువుల్ని ఎంత ఆపుతోంది, దాని గుండా గాలి పీల్చడానికి ఎంత బలం కావాలి, ఈ రెండూ ఒకే ముక్క మీద, ఒకే గాలి వేగం దగ్గర కొలిపించండి. ఆ అంకె బాగుంటే, ఎక్కడా పోస్టర్ పెట్టకముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) పేటెంట్ దరఖాస్తు వేయండి. వెండి మీదే మనసు ఉంటే మాస్క్ వదిలేసి కాలిన గాయాలకు వేసే కట్ల వైపు వెళ్ళండి, అక్కడ వెండికి పని ఉంటుంది. వెంటిలేటర్ ఫిల్టర్ జోలికి మొదటి ప్రయత్నంలోనే వెళ్ళకండి.

నేను ఫిల్టర్ మీడియా, అంటే వడపోత పొరల తయారీలో మొదలుపెట్టి తర్వాత వైద్య పరికరాల క్వాలిటీ వైపు వచ్చినవాణ్ణి. మీలాంటి శాంపిల్ పట్టుకుని వచ్చిన కుర్రాళ్ళు, ప్రొఫెసర్లు, వ్యాపారులు చాలామంది తెలుసు. దాదాపు అందరూ 99.9 దగ్గరే మొదలుపెడతారు కాబట్టి నేనూ అక్కడే మొదలుపెడతాను.

మీ బ్యాక్టీరియా టెస్టు ఎలా జరిగి ఉంటుందో ఊహించగలను. పొర ముక్క మీద బ్యాక్టీరియా ఉన్న ద్రవం పోసి, తడిగా, వెచ్చగా 18 నుంచి 24 గంటలు ఉంచి, తర్వాత బతికినవి లెక్కపెట్టారు. బట్టల మీద యాంటీమైక్రోబియల్ గుణం చూడటానికి ఉన్న పద్ధతే అది, అందులో తప్పు లేదు. కానీ మాస్క్‌లో ఏం జరుగుతుందో చూడండి. ఎన్95 టెస్టులో గాలి నిమిషానికి 85 లీటర్లు. మాస్క్ వైశాల్యం 150 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే గాలి సెకనుకు సుమారు 9 సెంటీమీటర్ల వేగంతో పొరలోంచి పోతుంది. పొర మందం 0.3 మిల్లీమీటర్లు అనుకున్నా రేణువు లోపల ఉండేది సెకనులో వెయ్యో వంతులు మూడు. మీ నానోఫైబర్ పొర అంతకంటే ఎన్నో రెట్లు పలుచన. 24 గంటల్లో చంపే వెండికి ఆ కాస్త సమయంలో చేయగలిగేది ఏమీ లేదు. ఆగితే ఫైబర్‌కి తగిలి ఆగాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిపోతుంది.

పట్టుబడినవి పొర మీదే ఉంటాయి కదా, అక్కడ నెమ్మదిగా చస్తాయి కదా అంటారు. కొంత నిజమే. కానీ వెండి పనిచేయాలంటే అయాన్లుగా విడుదలవ్వాలి, దానికి తడి కావాలి. పైగా వాడిన మాస్క్ మీద మొదట పేరుకునేది ధూళి, చెమట. బ్యాక్టీరియా దిగేది వాటి మీద, వెండి మీద కాదు. ఇంత చిన్న లాభం కోసం, ఊడి వస్తే పీల్చేసే అవకాశం ఉన్న నానో రేణువుల్ని ముక్కుకి అంగుళం దూరంలో పెడుతున్నారు. ఆ రిస్కు లేదని నిరూపించాల్సిన భారం మీ మీదే పడుతుంది. 2021 ఏప్రిల్‌లో కెనడా ఆరోగ్య శాఖ గ్రాఫీన్ (కార్బన్ అతి పలుచని రూపం) ఉన్న మాస్కులు వాడొద్దని చెప్పింది. గ్రాఫీన్ రేణువులు పీల్చే ప్రమాదం ఉండొచ్చు, లేదని తయారీదారులు చూపించలేదు అన్నదే కారణం. తర్వాత పరీక్షించి కొన్ని మోడళ్ళను మళ్ళీ అనుమతించింది, అది వేరే విషయం. ఈలోగా స్టాకు గోడౌన్లలో ఉండిపోయింది.

ఇంకో 99 గురించి కూడా చెప్పాలి. మాస్కుల మీద "బీఎఫ్ఈ 99 శాతం" అని ముద్ర వేస్తారు. బ్యాక్టీరియా ఉన్న తుంపరలు స్ప్రే చేసి చూసే టెస్టు అది. తుంపరల సగటు పరిమాణం 3 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), గాలి నిమిషానికి 28.3 లీటర్లు. 3 మైక్రాన్ల తుంపరని ఆపడం పెద్ద కష్టం కాదు, మామూలు మూడు పొరల సర్జికల్ మాస్కే ఆపేస్తుంది. ఎన్95 టెస్టు వేరు: ఉప్పు రేణువులు, వాటి మీద ఉన్న విద్యుదావేశాన్ని తీసేసి, 0.3 మైక్రాన్ల స్థాయిలో, నిమిషానికి 85 లీటర్ల గాలితో. బీఎఫ్ఈ రిపోర్టు వచ్చినా అది చూపించి ఎన్95 అని ఎక్కడా రాయకండి. సైన్సు సంగతి అటుంచి చట్టపరంగా కూడా చిక్కుల్లో పడతారు. ఎన్95 అనేది అమెరికాలో నియోష్ అనే సంస్థ ఇచ్చే ఆమోదం, 1995 నాటి నిబంధనల ప్రకారం. మన దగ్గర ఆ తరహా మాస్కులకు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం ఐఎస్ 9473, అందులో గ్రేడ్లు ఎఫ్ఎఫ్‌పీ1, 2, 3. సర్జికల్ మాస్కులకు ఐఎస్ 16289 విడిగా ఉంది.

ఇప్పుడు అసలు అంకె. ఒక పొర రేణువుల్లో 80 శాతం ఆపుతుంది అనుకోండి, 20 శాతం దాటిపోతాయి. అదే పొర రెండు వేస్తే దాటేది 20 శాతంలో 20 శాతం, అంటే 4. సామర్థ్యం 96 అయిపోయింది. మూడు వేస్తే 99.2. ఈ లెక్కన ఏ గుడ్డనైనా దొంతరలు పేరిస్తే 99 వస్తుంది, పీల్చేవాడికి మాత్రం ఊపిరి ఆడదు. అందుకే మా పనిలో ఉన్నవాళ్ళు సామర్థ్యం ఒక్కటే చూడరు. దాటిపోయే భాగానికి సహజ లాగరిథమ్ తీసి, మైనస్ గుర్తు మార్చి, పొర వల్ల వచ్చే ప్రెషర్ డ్రాప్‌తో (గాలి పొర దాటేటప్పుడు తగ్గే ఒత్తిడితో) భాగిస్తారు. దీన్ని క్వాలిటీ ఫ్యాక్టర్ అంటారు. పొరలు ఎన్ని పేర్చినా ఈ అంకె మారదు, ఎందుకంటే పైనా కిందా రెండూ ఒకేలా పెరుగుతాయి. కొత్త మెటీరియల్ నిజంగా కొత్తదా, లేక పాతదాన్నే మందంగా వేశారా అన్నది ఇక్కడ బయటపడుతుంది. మీ పీహెచ్‌డీ సీనియర్ల పేపర్లు తీసి చూడండి, సామర్థ్యం ఉంటుంది, ప్రెషర్ డ్రాప్ ఉండదు, లేదా వేరే గాలి వేగం దగ్గర తీసి ఉంటుంది. ఇది నాకు ఎప్పుడూ చిరాకు తెప్పించే విషయం.

పరిమితి ఎంతో కూడా తెలుసుకోండి. ఎన్95కి 85 లీటర్ల దగ్గర పీల్చేటప్పుడు 35 మిల్లీమీటర్ల నీటి ఒత్తిడి, వదిలేటప్పుడు 25 మించకూడదు. ఇది పాస్ అవడానికి గడప మాత్రమే. మంచి మాస్కులు ఇందులో సగం కంటే తక్కువలోనే ఉంటాయి.

మీ పొర పోటీ పడాల్సింది దేనితోనో తెలిస్తే ఈ అంకె విలువ అర్థమవుతుంది. ఈ రోజు దాదాపు ప్రతి ఎన్95లోనూ ఉన్నది మెల్ట్‌బ్లోన్ పాలీప్రొపిలీన్. కరిగిన ప్లాస్టిక్‌ని సన్న రంధ్రాల్లోంచి వదిలి, వేడి గాలితో ఊది మైక్రాన్ స్థాయి దారాలుగా సాగదీస్తారు. 1950లలో అమెరికా నౌకాదళ పరిశోధనాలయంలో వాన్ వెంటే చేసిన పని అది. అణు పరీక్షల తర్వాత ఆకాశంలో మిగిలే రేడియోధార్మిక ధూళిని పట్టుకునే ఫిల్టర్ల కోసం మొదలైంది. కానీ ఉత్త మెల్ట్‌బ్లోన్ అంత గొప్పదేం కాదు. దాని దారాల్లో విద్యుదావేశాన్ని నింపి, చాలాకాలం నిలిచేలా చేయడం అసలు మలుపు. టెనెసీ యూనివర్సిటీలో తైవాన్ నుంచి వచ్చిన పీటర్ త్సాయి బృందం కరోనా డిశ్చార్జితో ఈ పని చేసే పద్ధతికి 1995లో పేటెంట్ తీసుకుంది. ప్రెషర్ డ్రాప్ కొంచెం కూడా పెరగకుండా రేణువుల్ని పట్టే శక్తి సుమారు పది రెట్లు పెరుగుతుంది. కరోనా అంటే ఇక్కడ వైరస్ కాదండోయ్, హైవోల్టేజి తీగ చుట్టూ ఏర్పడే అయాన్ల మేఘం.

మీ నానోఫైబర్‌కి ఉన్న బలం వేరు. గాలి అణువు మరో అణువుకి తగలకుండా సగటున పోయే దూరం సుమారు 66 నానోమీటర్లు. ఫైబర్ మందం 100, 200 నానోమీటర్లకి దిగితే గాలి దాని ఒంటికి అంటుకోకుండా జారిపోతుంది, ఫైబర్ సన్నమైనా ప్రతిఘటన లెక్క ప్రకారం పెరగాల్సినంత పెరగదు. ఆవేశం మీద ఆధారపడదు కాబట్టి తేమ తగిలినా సామర్థ్యం ఒక్కసారిగా పడిపోదు. మీరు అమ్ముకోవాల్సింది ఇది. "బ్యాక్టీరియాని చంపుతుంది" కంటే "కడిగినా, తడిసినా ఫిల్టర్ పని చేస్తూనే ఉంటుంది" అన్నది చాలా పెద్ద మాట. చూపించగలిగితే మాత్రమే సుమా.

చూపించడం ఇలా. ఒకే షీటు నుంచి పక్కపక్క ముక్కలు కొన్ని కత్తిరించండి. మార్కెట్‌లో దొరికే మంచి మాస్క్‌లోంచి మధ్య పొర కూడా అలాగే తీయండి. అన్నీ మొదట కొలిపించండి. తర్వాత సగం ముక్కల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, పిండకుండా, చేత్తో తాకకుండా క్లిప్పుకి వేలాడదీసి పూర్తిగా ఆరనిచ్చి మళ్ళీ కొలిపించండి. ఆల్కహాల్ దారాల్లోని ఆవేశాన్ని చంపేస్తుంది. మెల్ట్‌బ్లోన్ ముక్క చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది, ప్రెషర్ డ్రాప్ మారదు, సామర్థ్యం మాత్రం ఢామ్మని పడుతుంది. కోవిడ్ రోజుల్లో ఎన్95 మీద శానిటైజర్ కొట్టుకుని మళ్ళీ వాడినవాళ్ళు చేసుకున్నది ఇదే. మీ ముక్క పడిపోకపోతే మీకు చెప్పుకోవడానికి ఒక కథ దొరికినట్టే. పడిపోతే మీ పొర కూడా ఆవేశం మీదే నడుస్తోందని అర్థం. పీవీడీఎఫ్‌లో అది సాధ్యమే, ఎందుకంటే 15, 20 కిలోవోల్టుల కింద తీసిన దారంలో ఆవేశం చిక్కుకుంటుంది, కొన్ని వారాల్లో నెమ్మదిగా పోతుంది. అందుకే నిన్న తీసిన షీటు కాదు, కొన్ని వారాలు కవర్లో ఉంచిన షీటు టెస్టుకి పంపండి. నియోష్ కూడా టెస్టుకి ముందు మాస్కుల్ని 38 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో 25 గంటలు ఉంచుతుంది. అమెరికావాళ్ళకి అది కఠిన పరీక్ష, మన విజయవాడ వేడికీ ఉక్కకీ అలవాటైనవాళ్ళకి అంత వింతేం కాదు.

గాలి వేగం సంగతి ఒక్క మాట. ల్యాబ్‌కి ముక్క పంపేటప్పుడు ఏ ముఖవేగం (పొర మీదకి గాలి వచ్చే వేగం) దగ్గర కొలవాలో మీరే రాసి ఇవ్వండి. ఫిల్టర్ షీట్లకి మామూలుగా 100 చదరపు సెంటీమీటర్ల ముక్క మీద నిమిషానికి 32 లీటర్లు పెడతారు, అంటే సెకనుకు 5.3 సెంటీమీటర్లు. అక్కడ వచ్చిన మంచి అంకె మాస్క్ వేగం దగ్గర రాదు.

తయారీ దగ్గరకు వద్దాం. ఒక సూది గంటకి ఒక మిల్లీలీటరు ద్రావణం వదులుతుంది, అందులో పాలిమర్ 10 శాతం అనుకుంటే గంటకి 0.1 గ్రాము. చదరపు మీటరుకి ఒక గ్రాము పొర చాలనుకున్నా ఒక మాస్క్‌కి సుమారు 0.02 గ్రాములు కావాలి. గంటకి అయిదు మాస్కులు, అదీ అన్నీ సవ్యంగా జరిగితే. సూది లేకుండా డ్రమ్ము మీద, తీగ మీద తీసే పెద్ద యంత్రాలు ఉన్నాయి, వాటికి మీ ద్రావణం కుదురుతుందో లేదో మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాలి. నానోఫైబర్ ఫిల్టర్లు కొత్తేం కాదు. సోవియట్ యూనియన్‌లో 1938 నుంచే ఎలక్ట్రోస్పిన్నింగ్‌తో ఫిల్టర్లు తీశారు, పెట్ర్యానోవ్ ఫిల్టర్ అని పేరు. కాబట్టి "ఎలక్ట్రోస్పిన్నింగ్‌తో ఫిల్టర్" అన్నంత మాత్రాన పేటెంట్ రాదు.

డీఎంఎఫ్ వాడానని చెప్పారు కానీ దాని ప్రమాదం గురించి అసలు ఎత్తలేదు, నాకు ఎక్కువ భయం దాని గురించే. అది కాలేయానికి హాని చేసే ద్రావకం, చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. మందుల విషయంలో మిగిలిపోయే డీఎంఎఫ్‌కి అంతర్జాతీయ మార్గదర్శకాలు పెట్టిన హద్దు 880 పీపీఎం. దారం పైకి ఆరినట్టు కనిపించినా లోపల కొంత మిగులుతుంది. మాస్క్ అంటే గంటల తరబడి వెచ్చటి తడి గాలితో దాన్ని పీల్చడమే. వాక్యూమ్ ఓవెన్‌లో ఎంతసేపు పెడితే ఎంత మిగిలిందో గ్యాస్ క్రొమటోగ్రఫీ మీద చూసి పెట్టుకోండి. వీలైతే నీటిలో లేదా ఆల్కహాల్‌లో కరిగే పాలిమర్‌కి మారి, తర్వాత తడికి కరగకుండా క్రాస్‌లింక్ చేసుకునే (పాలిమర్ గొలుసుల్ని ఒకదానికొకటి కట్టేసే) దారి వెతకండి. యూరప్ ఎగుమతి ఆలోచన ఉంటే ఇంకో సంగతి: పీవీడీఎఫ్ ఫ్లోరోపాలిమర్, 2023లో అక్కడ మొదలైన పీఫాస్ (పర్యావరణంలో విడిపోకుండా మిగిలిపోయే ఫ్లోరిన్ రసాయనాలు) నియంత్రణ ప్రతిపాదన పరిధిలోకి ఇవి కూడా వస్తాయి.

ఇక్కడి దాకా పొర గురించే. ఇప్పుడు వస్తువు గురించి, ఎందుకంటే పొర పాస్ అయ్యాక ఫెయిల్ అయ్యేది అంచులే.

2020 వసంతంలో పీపీఈ సూట్ల కథ గుర్తుందా? గుడ్డ దొరికింది, కుట్టు మిషన్లు దొరికాయి. సూట్లు కోయంబత్తూరులోని జౌళి పరిశోధన సంస్థ సిట్రాకి వెళ్ళి కృత్రిమ రక్తం టెస్టులో పడిపోయేవి. ఆ టెస్టులో ఎర్రటి ద్రవాన్ని ఒత్తిడితో గుడ్డ మీదకి తోసి, అవతలి వైపు చుక్క కనిపిస్తుందా అని చూస్తారు. గుడ్డ నిలిచేది, కుట్టు దగ్గర సూది చేసిన రంధ్రంలోంచి ఎర్రగా ఊరేది. కుట్టు మీద వేడి గాలితో అంటించే సీమ్ టేపు కావాలి, అది దేశంలో కరువైపోయింది. అప్పుడు డీఆర్‌డీఓ ఏం చేసిందంటే జలాంతర్గాముల్లో వాడే సీలెంట్‌ని మార్చి టేపు బదులు వాడింది. కొత్త గుడ్డ ఎవరూ కనిపెట్టలేదు, కుట్టు రంధ్రం మూసే దారి కనిపెట్టారు. ఆ రోజుల్లో నాకు తెలిసిన ఒక చిన్న యూనిట్ యజమాని గుడ్డ మీద మూడో పూత వేద్దామా నాలుగోది వేద్దామా అని ఫోన్లు చేసేవాడు. చంక కింద నాలుగు కుట్లు కలిసే చోటు ఒక్కసారి చూడమని చెప్పాను, లీకు అక్కడే ఉంది. టేపు ఆ మూలలో ముడత పడుతుంది. ప్యాటర్న్ మార్చి నాలుగు కుట్లు ఒకే బిందువు దగ్గర కలవకుండా జరిపాక పాస్ అయింది.

మాస్క్‌లో అదే కథ ముక్కు పక్కన జరుగుతుంది. ఫిట్ టెస్ట్ ఎప్పుడైనా చూశారా? మనిషి తల మీద పారదర్శక తొడుగు దించి, మొదట మాస్క్ లేకుండా శాకరిన్ తుంపర వదులుతారు, నాలుక మీద తీపి తెలుస్తోందో లేదో చూడటానికి. తర్వాత నీళ్ళు తాగించి, మాస్క్ పెట్టించి మళ్ళీ వదులుతారు. మామూలుగా ఊపిరి తీయమంటారు, గట్టిగా తీయమంటారు, తల అటూ ఇటూ, పైకీ కిందకీ తిప్పమంటారు, మాట్లాడమంటారు. చాలామంది మాట్లాడేటప్పుడు ఆగిపోయి "తీపి వచ్చింది సార్" అంటారు. దవడ కదిలినప్పుడు గడ్డం కింద అంచు లేస్తుంది. ఆ క్షణంలో మీ పొర 99.99 అయినా ఒకటే, 90 అయినా ఒకటే. పొర గట్టిపడితే పరిస్థితి ఇంకా చెడుతుంది, ఎందుకంటే గాలి సులువైన దారి వెతుక్కుంటుంది. చెవులకి తగిలించే తాడు కంటే తల వెనక్కి వేసే రెండు పట్టీలు ఎప్పుడూ మేలు. మన దగ్గర జనం చెవి తాడే అడుగుతారు, అమ్మేవాళ్ళూ అదే ఇస్తారు.

1972లో అమెరికాలో ఆమోదం పొందిన త్రీఎం డిస్పోజబుల్ మాస్క్ పుట్టుక కూడా ఇలాంటిదే. కానుకల మీద కట్టే రిబ్బన్ల కోసం ఆ కంపెనీ దగ్గర నేయని గుడ్డ ఉండేది. డిజైనర్ సారా లిటిల్ టర్న్‌బుల్ దాన్ని అచ్చులో నొక్కి బ్రా కప్పులు చేసే పని చూస్తూ, ఆసుపత్రుల్లో కట్టుకునే చదును మాస్కులు ముఖానికి సరిగా కూర్చోకపోవడం గమనించింది. కప్పు ఆకారం అక్కడి నుంచి వచ్చింది. మొదటి రూపం క్రిముల్ని ఆపలేక ఆసుపత్రికి పనికిరాలేదు, ధూళి మాస్క్‌గా అమ్ముకున్నారు. ఫిల్టర్ పొర తర్వాత మెరుగైంది. ముందు ముఖం, తర్వాత మెటీరియల్.

వాడేవాళ్ళ దగ్గరికి వెళ్ళకుండా మాస్క్ గీయకండి. గ్రానైట్ కోసే యూనిట్లు ప్రకాశం జిల్లాలోనూ కరీంనగర్‌లోనూ బోలెడు. సిలికా ధూళికి మాస్క్ నిజంగా అవసరమైనది వాళ్ళకే. ఒక షిఫ్టు నిలబడి చూడండి. రాయి మీద రంపం దిగినప్పుడు మాస్క్ ముఖం మీదే ఉంటుంది. సూపర్‌వైజర్‌ని కేకేయాలంటే కిందకి లాగుతారు, బీడీకి లాగుతారు, చెమట పట్టి పొర బుగ్గకి అంటుకుంటే లాగుతారు, మళ్ళీ పైకి లాగేటప్పుడు లోపలి వైపు వేళ్ళ ధూళి అంటుతుంది. నానోఫైబర్‌కి ఇక్కడ ఒక బలహీనత కూడా ఉంది. ధూళిని పైపైనే పట్టేస్తుంది, లోతుగా పోనివ్వదు. దాంతో ప్రెషర్ డ్రాప్ త్వరగా పెరుగుతుంది. మధ్యాహ్నానికి మాస్క్ బిగుసుకుపోతుంది, సాయంత్రానికి మెడలో వేలాడుతుంది. ముందు ఒక ముతక పొర పెట్టి ధూళిలో పెద్దదాన్ని అక్కడే ఆపితే ఈ సమస్య చాలా తగ్గుతుంది. మీ ఆవిష్కరణ బహుశా ఈ రెండు పొరల జోడీలోనే ఉంది, ఆలోచించండి.

వెంటిలేటర్ ఫిల్టర్ ఎందుకు వద్దన్నానంటే, అక్కడ రోగి ఊపిరి మొత్తం మీ పొర గుండానే పోతుంది. తేమ నీటి బొట్లుగా కూడి పొర మూసుకుపోతే ప్రాణం మీదకి వస్తుంది. గాలి మార్గంలో ఉండే పరికరాలకి ఐఎస్ఓ 18562 అని విడిగా ప్రమాణం ఉంది, మీ పొరలోంచి ఏ ఆవిరి వస్తోంది, ఏ రేణువు ఊడుతోంది అని చూస్తుంది. డీఎంఎఫ్, వెండి రెండూ అక్కడే దొరికిపోతాయి.

గాయం కట్టు వైపు వెండి ఎందుకు సరిపోతుందో ఇప్పటికే తట్టి ఉంటుంది. తడి ఉంటుంది, గంటలు కాదు రోజుల తరబడి తాకి ఉంటుంది, పీల్చే ప్రసక్తి లేదు. కాలిన గాయాలకి సిల్వర్ సల్ఫాడయజీన్ 1960ల నుంచీ వాడుతున్నారు, నానో వెండి కట్లు 1990ల నుంచి ఉన్నాయి. కాబట్టి రద్దీ ఎక్కువ. కట్టు విప్పేటప్పుడు కొత్త చర్మం ఊడి రాకపోవడం, రసి ఎక్కువైతే పీల్చుకోవడం, ఈ రెండింట్లో మీ నానోఫైబర్ ఏమైనా చేయగలిగితే చోటు దొరుకుతుంది. బర్న్స్ వార్డులో డ్రెస్సింగ్ మార్చే నర్సుని ఒక పూట అడగండి, డాక్టర్ కంటే ఎక్కువ చెప్తుంది. పరీక్షల వరకు ఐఎస్ఓ 10993 వరుసలో కణాల మీద విషప్రభావం, చర్మం మంట, అలర్జీ తప్పనిసరి. స్టెరిలైజేషన్ పద్ధతి ఇప్పుడే అనుకోండి. గామా కిరణాలు పాలీప్రొపిలీన్‌ని పెళుసు చేస్తాయి, ఎథిలీన్ ఆక్సైడ్ అయితే మిగిలిపోయిన గ్యాసు లెక్క చూపాలి. స్టెరిలైజ్ చేశాక మళ్ళీ అన్ని టెస్టులూ.

హైదరాబాద్ వాళ్ళం కాబట్టి ఈ ఉదాహరణ ఒకటి చెప్పుకోవాలి. అగ్ని క్షిపణి పని జరుగుతున్న రోజుల్లో నిమ్స్ ఆర్థోపెడిక్ సర్జన్ ఒకరు కలాం గారి ల్యాబ్‌కి వచ్చి, అక్కడి తేలికైన కాంపోజిట్ మెటీరియల్‌ని చేత్తో ఎత్తి చూసి, ఆయన్ని తన వార్డుకి తీసుకెళ్ళారు. పిల్లలు మూడు కిలోలకి పైగా బరువున్న, కాళ్ళకి కట్టే లోహపు కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్ తయారైంది. మెటీరియల్ అప్పటికే ఉంది, దాని బరువు ఎవరికి కావాలో తెలిసిన మనిషి వచ్చి ఎత్తి చూశాడు. మీ పొరని ఎవరైనా అలా ఎత్తి చూశారా?

పేటెంట్ సంగతి. ప్రొవిజనల్ స్పెసిఫికేషన్ ముందు వేయండి, పూర్తి స్పెసిఫికేషన్‌కి 12 నెలల గడువు ఉంటుంది. ఆ ఏడాదిలో టెస్టులు చేసుకోండి. కాలేజీ టెక్ ఫెస్ట్‌లో పోస్టర్, లింక్డిన్‌లో వీడియో, థీసిస్ అప్‌లోడ్, ఏదైనా ముందు జరిగితే కొత్తదనం పోతుంది. మన చట్టంలో 12 నెలల మినహాయింపు ఉంది కానీ అది కేంద్రం నోటిఫై చేసిన ప్రదర్శనలకీ, విద్వత్ సభల్లో చదివిన పత్రాలకీ పరిమితం, కాలేజీ ఫెస్ట్‌కి వర్తించదు. ఆ తర్వాత అటార్నీ దగ్గరికి పరుగెత్తడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. కాలేజీ వాటా ఎంతో గైడ్‌తో మాట్లాడి కాగితం మీద రాయించుకోండి, మొహమాటపడకండి.

వేప వల్ల మీకు లాభం కంటే తలనొప్పే ఎక్కువ. సంప్రదాయ జ్ఞానానికి పేటెంట్ రాదని పేటెంట్ల చట్టంలోని సెక్షన్ 3(పి) చెప్తుంది. తెలిసిన పదార్థాల ఉత్త మిశ్రమానికీ రాదని 3(ఇ) చెప్తుంది. యూరప్‌లో వేప మీద ఇచ్చిన ఒక పేటెంట్‌ని 2000లో రద్దు చేశారు, 2005లో అప్పీల్ కూడా పోయింది. పైగా వేప మన జీవ వనరు కాబట్టి జీవవైవిధ్య చట్టం కింద చెన్నైలోని జాతీయ సంస్థ దగ్గర ఏం చేయాలో అటార్నీని అడగాల్సి వస్తుంది. పేటెంట్‌లో మీ హక్కుగా రాసే క్లెయిమ్‌ని ఫైబర్ మందం, పొరల వరుస, తడిసిన తర్వాత నిలిచే క్వాలిటీ ఫ్యాక్టర్ మీద రాయించండి.

లైసెన్సుల గురించి ఇప్పుడు టెన్షన్ పడకండి. 2017 మెడికల్ డివైజెస్ రూల్స్ ప్రకారం ఏ, బీ తరగతుల తయారీ లైసెన్సు రాష్ట్ర అధికారులు ఇస్తారు, సీ, డీ కేంద్రం. మీ వస్తువు ఏ తరగతి అన్నది అది ఏం చేస్తుందని మీరు చెప్పుకుంటారో దాన్ని బట్టి ఉంటుంది. "వెండితో ఇన్‌ఫెక్షన్ తగ్గిస్తుంది" అని ఒక్క వాక్యం రాస్తే మెట్టు ఎక్కిపోవచ్చు. ఐఎస్ఓ 13485 (వైద్య పరికరాల నాణ్యతా వ్యవస్థ ప్రమాణం) కావాలి కానీ ఇప్పుడు కాదు. ఇప్పటి నుంచీ చేయాల్సింది ఒకటే, ప్రతి షీటుకీ తేదీ, ద్రావణం బ్యాచ్, గదిలో తేమ, వోల్టేజి రాసి పెట్టడం. వానాకాలంలో తీసిన షీటు, వేసవిలో తీసిన షీటు ఒకటి కాదని ఆరు నెలల తర్వాత తెలుస్తుంది.

ఎక్కడికి వెళ్ళాలి అంటే: మెడికల్ టెక్స్‌టైల్ టెస్టులకి సిట్రా, పరికరాల టెస్టులకి విశాఖలోని మెడ్‌టెక్ జోన్ ఏఎంటీజెడ్, అచ్చులు, నమూనాలు చేయించుకోవడానికి హైదరాబాద్ టీ-వర్క్స్. డబ్బుకి కేంద్రం బయోటెక్ సంస్థ బైరాక్ వాళ్ళ బిగ్ గ్రాంట్ 50 లక్షల దాకా ఉంటుంది, కానీ పైన చెప్పిన ఆల్కహాల్ టెస్టు అంకెలు లేకుండా దరఖాస్తు పెట్టకండి. ప్యానెల్లో ఎవరో ఒకరు ప్రెషర్ డ్రాప్ ఎంత అని అడుగుతారు.

కంపెనీ పెట్టాలా, ఇచ్చేయాలా? మాస్క్ కంపెనీ పెట్టకండి. కోవిడ్‌లో పెట్టిన మెల్ట్‌బ్లోన్ లైన్లు, మాస్క్ మిషన్లు చాలా చోట్ల ఖాళీగా పడి ఉన్నాయి, ధరలో వాళ్ళతో పోటీ పడలేరు. అదే మిషన్ల వాళ్ళకి మీ రెండు పొరల షీటు రోల్‌గా అమ్మగలరు, లేదా పద్ధతిని లైసెన్స్‌కి ఇవ్వగలరు. వాళ్ళ అల్ట్రాసోనిక్ వెల్డింగ్ కింద మీ నానోఫైబర్ పొర అంచుల్లో చిట్లుతుందో లేదో మాత్రం ముందే చూసుకోండి, ఖాళీ మిషన్ ఉన్నవాళ్ళు ఎవరైనా ఒక మధ్యాహ్నం ఇస్తారు.

ముక్కల రిపోర్టు వచ్చాక సామర్థ్యం, ప్రెషర్ డ్రాప్, ఏ ముఖవేగం దగ్గర తీశారు, ఆల్కహాల్‌కి ముందు, తర్వాత, ఈ అంకెలు ఇక్కడే పెట్టండి. ఫైబర్ మందం, ద్రావణం పాళ్ళు మాత్రం పెట్టకండి, ప్రొవిజనల్ పడేదాకా అవి బయటికి రాకూడదు.